షాపు వాసన

అమ్మ పోయిన వారం తిరక్కుండానే నాన్న అమ్మ బట్టలన్నీ ఉతికేశాడు.

ఇందులో విడ్డూరమేమీ లేదు. మాది లాండ్రీ. షాపు కింద, ఇల్లు పైన. కష్టం వచ్చినప్పుడు ఎవరికి చేతనైన పని వాళ్ళు చేస్తారు. వంట వచ్చినవాళ్ళు వండిపెడతారు, మాటలు వచ్చినవాళ్ళు పక్కన కూర్చుని ఓదారుస్తారు. మా నాన్నకు వంటా రాదు, మాటలూ రావు. ఉతకడం వచ్చు. ఆసుపత్రి నుంచి వెనక్కి తెచ్చిన సంచీలోవి, అలమరలోవి, తలుపు వెనక మేకుకు వేలాడేవి, మంచం మీది దుప్పటి, దిండు గలీబు, అన్నీ కలిపి మూటగట్టి కిందికి మోసుకుపోయాడు. ఆ రోజు షాపుకు సెలవు. అయినా మెషిన్లు తిరుగుతూనే ఉన్నాయి.

నేను మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. ఎంత గొప్పింటి బట్టలు వచ్చినా నాన్న అంత శ్రద్ధ పెట్టగా చూడలేదు. అమ్మ ఆకుపచ్చ స్వెట్టరుకు మెడ దగ్గర నూనె మరక ఉండేది. మరకల మందు సీసా తర్వాత సీసా తీసి, మెత్తటి బ్రష్షుతో పొద్దంతా దాని వెంటపడి ఆ మరకను పోగొట్టాడు. గౌన్లకు గంజి పెట్టాడు. అన్నీ ఆవిరి ఇస్త్రీ చేసి, మడతపెట్టి, ఒక్కోదాన్నీ ఒక్కో కాగితం కవరులో పెట్టి, అలవాటు కొద్దీ పైన టోకెను కూడా గుచ్చాడు. టోకెన్ల మీద నంబర్లు మాత్రం వేయలేదు. ఆ కవర్లన్నీ పైకి తెచ్చి అమ్మ అలమరలో సర్దాడు.

"ఇంక వీటికి పురుగు పట్టదు" అన్నాడు నాతో.

నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు. మా అమ్మ బట్టలు అంత తళతళలాడటం అమ్మ ఉండగా ఎప్పుడూ చూడలేదు.

అప్పటికి నాకు పదకొండేళ్ళు. షాపుకు వచ్చేవాళ్ళంతా నన్ను మేనేజరమ్మా అని పిలిచేవాళ్ళు, కౌంటరు దగ్గర నా నోరు అలాంటిది మరి. చెల్లికి ఆరేళ్ళు. దాన్ని గుండీ అనేవాళ్ళం. షాపులో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని అమ్మ ఊడిన గుండీలు కుట్టేది. ఇది ఆ కుర్చీ కిందే ఆడుకునేది. గుండ్రంగా ఉండేది, వెతికినప్పుడు కనబడేది కాదు. అమ్మే పెట్టింది ఆ పేరు.

ఆ సాయంత్రం గుండీ అమ్మ మంచం ఎక్కి, అమ్మ దిండులో ముఖం దాచుకుని పడుకుంది. కాసేపటికి లేచి దిండు తిరగేసింది. మళ్ళీ ముఖం పెట్టింది. మళ్ళీ లేచింది.

"ఏంటే, ఏదైనా కుట్టిందా?" అన్నాను.

"ఊహూ" అంది.

నాన్నకు అక్క, మా అత్త, వేరే ఊరి నుంచి వచ్చి ఉంది అప్పుడు. వెళ్ళేముందు మా అందరికీ గట్టిగా చెప్పి వెళ్ళింది. "దాని ముందు ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోకండి. అమ్మ ఊసెత్తకండి. పసిది, ఎవరూ గుర్తుచేయకపోతే అదే మరిచిపోతుంది." మేం బుద్ధిగా వినేశాం. ఇంట్లో అమ్మ మాటే లేకుండా పోయింది. నలుగురు తిరిగిన ఇంట్లో ముగ్గురం, పక్కవాళ్ళను నిద్రలేపుతామేమో అన్నంత మెల్లగా తిరిగేవాళ్ళం.

ఇంతలో వానలు పట్టుకున్నాయి, బడులు తెరిచారు. వానాకాలమంటే లాండ్రీ వాళ్ళకు ఊపిరాడదు. ఎవరింట్లోనూ బట్టలు ఆరవు, అందరూ మా దగ్గరికే తెస్తారు. నాన్న తలెత్తకుండా పనిలో పడిపోయాడు. పడిపోవడానికే చూశాడేమో కూడా. గుండీని ముస్తాబు చేసి బడికి తీసుకెళ్ళడం, తీసుకురావడం నా వంతు.

మా బడి వరండాలో పిల్లల రెయిన్‌కోట్లు తగిలించడానికి వరసగా కొక్కేలు ఉండేవి. ఒకరోజు గుండీ వాళ్ళ టీచరు నన్ను నా క్లాసు నుంచి పిలిపించింది. చిన్నావిడ, వానాకాలమంతా జలుబుతోనే ఉండేది. గుండీ క్లాసులో లేదట. వెళ్ళి చూస్తే, తడి రెయిన్‌కోట్ల మధ్య దూరి నిలబడి ఉంది. ఒక్కోదానికీ ముఖం ఆనించి, వదిలేసి, పక్కదాని దగ్గరికి వెళ్తోంది.

"ఏం చేస్తున్నావే ఇక్కడ?"

"ఏం లేదు" అంది, పట్టుబడిన దొంగలా చేతులు వెనక్కి పెట్టుకుని.

అది ఇంట్లో చెప్పేంత విషయమని నాకు తోచలేదు. గేటు దగ్గర జరిగింది మాత్రం ఊరంతా చూసింది. బడి వదిలాక, పసుపు స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ తన కొడుకు కోసం నిలబడి ఉంది. గుండీ నా చెయ్యి విడిపించుకుని పరుగెత్తి ఆవిడను వెనక నుంచి వాటేసుకుంది. నడుము దగ్గర ముఖం పెట్టేసింది. ఆవిడ మొదట నవ్వింది. "ఎవరమ్మా నువ్వు?" అంటూ తల నిమిరింది. ఆ తర్వాత వదిలించుకోవాలని చూసింది. గుండీ వదిలితేగా. అంతలో ఆవిడ కొడుకు వచ్చి, "మా అమ్మని వదులు, మా అమ్మని వదులు" అని ఏడుపు అందుకున్నాడు. గేటు దగ్గర గొడుగులన్నీ మా వైపు తిరిగాయి. నేను ఒక్కో వేలూ ఊడదీసి దాన్ని లాక్కొచ్చాను.

దారిపొడుగునా తిడుతూనే ఉన్నాను. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది మరి.

"ఎవరమ్మనో పట్టుకుని వేలాడతావా? ఆవిడ ఎవరో నీకు తెలుసా?"

"చూశాను" అంది గుండీ, నీళ్ళ గుంటలు దాటుకుంటూ. "ఆవిడ కాదు."

ఈ సంగతి అత్తదాకా ఎలా వెళ్ళిందో, మర్నాడే ఫోను చేసింది. ఆవిడ ఫోనులో మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆడదిక్కు లేని ఇంట్లో చిన్నపిల్ల పెరగడం కష్టంరా. వానలు తగ్గగానే వచ్చి దాన్ని నా దగ్గరికి తీసుకెళ్తా. ఇక్కడే బళ్ళో వేస్తా. పెద్దది నీకు షాపులో పనికొస్తుంది, దాన్ని నీ దగ్గరే ఉంచుకో."

"చూద్దాం అక్కా" అన్నాడు నాన్న.

మా నాన్న చూద్దాం అన్నాడంటే సరేనన్నట్టే. అమ్మ ఉన్నప్పుడు ఆ మాట అన్నందుకు రోజూ ఆటపట్టించేది. పెద్దది పనికొస్తుంది అన్న ముక్క మాత్రం నా చెవిలో చాలాకాలం ఉండిపోయింది. ఆ మాటతో నాకు మెచ్చుకోలూ దక్కింది, ఇంకేదో పోయింది కూడా. గుండీ వెళ్ళిపోతే ఆ మంచం మీద నేనొక్కదాన్నే పడుకోవాలి. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

వారం మధ్యలో టీచరు నాన్నను బడికి రమ్మంది. ఒకటో తరగతి బెంచీ మీద నాన్న మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. పక్కన నేను. వేరే సమయమైతే పకపకా నవ్వేదాన్ని.

"బడి తెరిచినప్పటి నుంచి క్లాసులో నోరు విప్పలేదండీ" అంది టీచరు ముక్కు తుడుచుకుంటూ. "ఏమడిగినా తలూపడమే. ఇంట్లో మాట్లాడుతుందా?"

"మాట్లాడుతుందండీ. అన్నం పెట్టమంటుంది, నీళ్ళు కావాలంటుంది."

"వాళ్ళమ్మ గురించి?"

"లేదండీ. మేం కూడా ఆ ఊసెత్తం. పిల్ల బాధపడుతుందని."

టీచరు కాస్త ముందుకు వంగింది. "మీరు బాధపడతారని అదీ ఎత్తట్లేదేమోనండీ" అంది మెల్లగా. అని, పెద్దమాట అన్నానేమో అని కంగారుపడి, "నాకూ అంతగా తెలీదండీ, ఇదే నాకు మొదటి ఏడాది. వాళ్ళమ్మది ఏదైనా చిన్న వస్తువు ఉంటే బ్యాగులో పెట్టి పంపండి. దిగులేసినప్పుడు పట్టుకుంటుంది" అంది.

"దానికేముందండీ, రేపే పంపిస్తా." నాన్న ముఖం తేటపడింది. చెయ్యడానికి ఒక పని దొరికింది కదా.

లేస్తుంటే టీచరు నా వైపు తిరిగింది. "మరి నువ్వెలా ఉన్నావు?"

"నాకేం? బాగానే ఉన్నాను" అన్నాను. "నాకు షాపు పని ఉంటుంది."

ఆవిడ ఇంకేదో అడగబోయింది. నేను గొడుగు తీసుకుని గబగబా బయటికి నడిచాను. ఆ ప్రశ్న నాకు అస్సలు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మాత్రం దారిలో ఆలోచించనివ్వలేదు నన్ను నేను.

మర్నాడు పొద్దున షాపు తెరిచి ఉంది. కౌంటరు అవతల ఇద్దరు ముగ్గురు తడి మూటలతో నిలబడ్డారు. నాన్న పైకి వెళ్ళి అలమరలోంచి ఒక కవరు ఏరి తెచ్చాడు. అందులో అమ్మ రుమాలు, నీలం అంచుది. నాలుగు మడతలూ కత్తితో కోసినంత తిన్నగా ఉన్నాయి. గుండీ ముందు వంగి, దాని చేతిలో పెట్టాడు.

"ఇది అమ్మది. నీ బ్యాగులో ఉంచుకో. సరేనా?"

ఇన్నాళ్ళకు ఆ ఇంట్లో అమ్మ అనే మాట వినబడింది. గుండీ రెండు చేతులా రుమాలు పట్టుకుని ముక్కుకు ఆనించుకుంది. ఊపిరి గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. తర్వాత దాన్ని అవే మడతల మీద జాగ్రత్తగా మడిచి, కవరులో పెట్టి, నాన్నకు తిరిగి ఇచ్చేసింది. ఒకరి మూట ఇంకొకరికి ఇచ్చేసినప్పుడు మంచి మనుషులు కోప్పడకుండా వెనక్కి తెచ్చి ఇస్తారు చూడండి, అలాగ.

"ఇది అమ్మది కాదు నాన్నా. షాపుది."

"అమ్మదేనమ్మా. ఇదిగో, నీలం అంచు చూడు..."

"ఊహూ. షాపుది" అంది. "పైనవన్నీ షాపువే."

నాన్న ఆ కవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కౌంటరు దగ్గర ఎవరో టోకెను అడిగారు. ఆయనకు వినపడలేదు. మెల్లగా మెట్లెక్కి పైకి వెళ్ళాడు.

"మీ నాన్న ఎటు వెళ్ళాడు మేనేజరమ్మా?" అన్నారు.

"వస్తారు, ఉండండి" అన్నాను. అంతలో పైనుంచి కాగితాలు చిరుగుతున్న చప్పుడు వచ్చింది. ఆగకుండా వస్తూనే ఉంది. నాకు భయమేసింది. కౌంటరు తాళాలు పుచ్చుకుని పైకి పరుగెత్తాను. వెనకే గుండీ.

నాన్న అలమర ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ చింపిన కవర్లు. ఆకుపచ్చ స్వెట్టరు తీసి, మెడ దగ్గర ముక్కు పెట్టి, పక్కన పడేశాడు. గౌను తీశాడు. స్కార్ఫు తీశాడు. దిండు గలీబు తిరగేసి లోపలి కుట్ల దగ్గర వెతికాడు. మరక చూడక్కర్లేదు, వాసన బట్టే అది టీనా సిరానా రక్తమా చెప్పేస్తాడని పేరు నాన్నకు. ఆ ముక్కుకు కూడా ఏమీ దొరకలేదు. సబ్బు, గంజి, ఆవిరి. పని అంత బాగా చేశాడు.

అప్పుడు ఏడ్చాడు నాన్న. ఆసుపత్రిలో ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. ఇప్పుడు కింద జనం నిలబడి ఉండగా, పట్టపగలు, గొంతెత్తి ఏడ్చాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పెద్దవాళ్ళు అలా ఏడుస్తుంటే ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు.

గుండీ మాత్రం కాగితాలు తొక్కుకుంటూ వెళ్ళి నాన్న ముందు చతికిలబడింది. ఆయన ముఖంలోకి వంగి చూసింది.

"నాన్నా, నీక్కూడా రావట్లేదా?"

"రావట్లేదమ్మా" అన్నాడు. "నేనే ఉతికేశాను. మొత్తం నేనే ఉతికేశాను."

గుండీ లేచింది. నేల మీద పడున్న స్వెట్టరు తీసుకుని నా దగ్గరికి తెచ్చింది. "అక్కా, నీకు?"

నేను మేనేజరును. చేతిలో తాళాలున్నాయి, కింద జనం ఉన్నారు. లేవండి, లేచి ముఖాలు కడుక్కోండి అందామనే నోరు తెరిచాను. స్వెట్టరు ముఖానికి ఆనించుకోగానే ఆ మాటలేవీ రాలేదు.

"నాకూ రావట్లేదే" అన్నాను. అక్కడే కూలబడిపోయాను. అమ్మ పోయిన తర్వాత నేను ఏడవడం అదే మొదలు. నాకూ అమ్మే పోయింది. ఆ ముక్క నాకే అప్పుడు తెలిసినట్టయింది.

కింద నుంచి ఒకటి రెండుసార్లు పిలిచారు. ఎవరమూ పలకలేదు. వాన జోరు పెరిగింది. మూటలు కౌంటరు మీద పెట్టేసి వాళ్ళే వెళ్ళిపోయారు.

"ఇక్కడ నూనె వాసన వచ్చేది" అంది గుండీ, స్వెట్టరు మెడ పట్టుకుని. ఇన్నాళ్ళు మూసుకున్న నోరు ఆ పిల్లది. "చేతుల దగ్గర ఉల్లిపాయ. ఇంకా... ఇంకా..."

"దారం" అన్నాను. "సూదిలోకి ఎక్కించే ముందు నోట్లో పెట్టి తడిపేది కదా. ఆ తడి దారం వాసన."

"ఆఁ, దారం!"

నాన్న చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. ఎవరి బట్టలైనా అలా పాడుచేసుకుంటే మండిపడే మనిషి. "దగ్గు బిళ్ళలు" అన్నాడు. "ఎప్పుడూ బుగ్గన ఒకటి పెట్టుకునేది. ఆఖర్లో ఆ మందుల వాసనొకటి..."

"అది అమ్మది కాదు" అంది గుండీ ఖండితంగా. "అది ఆసుపత్రిది."

ఆ రోజు మేమిద్దరం బడికి వెళ్ళలేదు. షాపు మధ్యాహ్నం దాటాక మళ్ళీ తెరిచాం.

తర్వాతి రోజు గుండీ బడికి బయలుదేరుతుంటే, బాయిలరు దగ్గర పనిచేస్తున్న నాన్న ఆగమన్నాడు. ప్యాంటు జేబులోంచి తన రుమాలు తీశాడు. పొద్దుటి నుంచీ మెడా ముఖమూ తుడుచుకున్నది, నలిగి ముద్దయి ఉంది. రోజుకు రెండు చొక్కాలు మార్చే మనిషి, ఆ మురికి రుమాలు కూతురి చేతిలో పెట్టి బెరుగ్గా చూశాడు. గుండీ వాసన చూసింది. తలూపి బ్యాగులో వేసుకుంది.

"ఉండు" అని మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. పంటితో అంచు కొరికి, రుమాలును మధ్యకు చీల్చాడు. సగం దానికిచ్చి, సగం నా వైపు చాచాడు.

"నాకెందుకు?" అన్నాను.

"ఉంచు" అన్నాడు.

నా కంపాసు పెట్టెలో పెట్టుకున్నాను. లెక్కల క్లాసులో మూత కొద్దిగా తెరిచి చూసుకునేదాన్ని. ఎవరూ చూడకుండా.

వానలు వెనకపట్టాక ఒక సాయంత్రం అత్త అన్నట్టే వచ్చింది. గుండీ బట్టలకని ఖాళీ పెట్టె కూడా తెచ్చింది. ఆవిడ ఇంకా చెప్పులు విడవకముందే బడి నుంచి ఫోను వచ్చింది. నాన్న మాట్లాడి పెట్టేశాడు.

"ఏమిటట?" అంది అత్త.

"గుండీ క్లాసులో ఏడ్చిందట."

"చూశావా! నేను చెప్పలా? బళ్ళో నలుగురి ముందు ఏడవడమేమిట్రా, ఖర్మ!"

"ఎందుకేడుస్తున్నావని టీచరు అడిగితే, అమ్మ గుర్తొచ్చిందని చెప్పిందట. నోటితో చెప్పిందట అక్కా" అన్నాడు నాన్న. "టీచరు సంతోషపడి ఫోను చేసింది."

అత్తకు తల తిరిగినట్టయింది. "మీ వరస నాకేమీ అర్థం కావట్లేదు. పిల్ల ఏడిస్తే సంతోషమా?"

"దాన్ని ఉండనీ అక్కా" అన్నాడు నాన్న. ఈసారి చూద్దాం అనలేదు. "ఇక్కడే ఏడవనీ. మేమూ ఏడుస్తున్నాం. ముగ్గురం ఒకచోటే ఏడుస్తాం."

అత్త ఖాళీ పెట్టె మీద కూర్చుంది. చివరికి, "నేనేమైనా పరాయిదాన్నట్రా? నాకు మాత్రం నా మరదలు గుర్తు రాదా?" అని కొంగులో ముఖం దాచుకుని భోరుమంది. అంత గట్టి గొంతు మనిషి ఏడిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పెట్టె ఖాళీగానే తిరిగి వెళ్ళింది.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని చెప్పను. గుండీ ఆ ఏడాది పొడుగునా అడపాదడపా కొక్కేల దగ్గర కనిపిస్తూనే ఉండేది. టీచరు ఇక వెంటనే నన్ను పిలిపించేది కాదు. తనూ పక్కన నిలబడి, కాసేపయ్యాక చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళేది. అమ్మ వాసన మాత్రం మాకు మరెక్కడా దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

ఆ వానాకాలం ఆఖరి వానలు పడుతున్నప్పుడు ఒకావిడ షాపుకు వచ్చింది. కొత్త ముఖం. కొంగు పట్టుకుని వెనక ఒక పాప, గుండీ ఈడుది. ఆవిడ పెద్ద సంచీ ఒకటి కౌంటరు మీద పెట్టింది.

"మా ఆయనవి. అన్నీ శుభ్రంగా ఉతికి ఇవ్వండి" అంది. "ఇంక... ఎవరికైనా ఇచ్చేయాలి కదా."

నాన్న అలవాటు ప్రకారం ఒక్కోటీ తీసి జేబులు చూసి పక్కన పెట్టాడు. గళ్ళ చొక్కా ఒకటి వచ్చింది, కాలరు నల్లగా ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని కాస్త ఆగాడు. మడతపెట్టి, ఆవిడ వైపు జరిపాడు.

"ఇది ఉతకనండీ."

"ఏం? ఆ కాలరు మురికి పోదా?"

నాన్న ఆ పాప వైపు చూశాడు.

"పోతుందమ్మా" అన్నాడు. "శుభ్రంగా పోతుంది. అందుకే."

ఆవిడకు ఏమీ బోధపడలేదు. పాప మాత్రం మునివేళ్ళ మీద లేచి, కౌంటరు మీది చొక్కాను కిందికి లాక్కుంది. కాలరులో ముఖం పెట్టేసుకుంది. అమ్మ కుర్చీ కింద ఆడుకుంటున్న గుండీ బయటికి పాక్కుంటూ వచ్చి, దాని దగ్గరగా నిలబడింది.

"వస్తోందా?" అని అడిగింది.

పాప చొక్కాలోంచి ముఖం తీయకుండానే తలూపింది.